గోదావరి జిల్లాల నుంచి స్కూబా డైవింగ్‌కి వెళ్లాలంటే: ముందు నెల, తర్వాత నేర్పేవాళ్లు, ఆ తర్వాతే ఊరు

స్కూబా (గాలి సిలిండర్ తగిలించుకుని సముద్రం అడుగున తిరగడం) చేయాలని ఉంది, ఎక్కడికి వెళ్లమంటారు అని అడిగినవాళ్లను నేను తిరిగి ఒకటే అడుగుతాను: ఏ నెలలో వెళ్తారు? ఊరు ఏదన్నది మూడో సంగతి. మొదటిది నెల. రెండోది, నీళ్లలో మీ పక్కన ఉండే మనిషి. ఈ రెండూ కుదిరితే ఓ మోస్తరు చోటు కూడా జీవితాంతం గుర్తుంటుంది. కుదరకపోతే ఎంత పేరున్న ద్వీపానికి వెళ్లినా మసక నీళ్లు, చెవి నొప్పి, డబ్బు దండగ. అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు, కాకినాడ, యానాం వైపు నుంచి మొదటిసారి వెళ్లేవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మన సముద్రంలోనే ఎందుకు కాదు?

ఇంత తీరం పెట్టుకుని ఎక్కడికో ఎందుకు వెళ్లాలి అనే ప్రశ్న న్యాయమైనదే. అంతర్వేది దగ్గర వశిష్ట, ఓడలరేవు దగ్గర వైనతేయ, యానాం దిగువన గౌతమి సముద్రంలో కలుస్తాయి. నీళ్లతోపాటు ఒండ్రునూ తెస్తాయి. ఆ ఒండ్రే డెల్టాను కట్టింది, మనకు వరిని, కొబ్బరిని ఇచ్చింది. పగడాలకు మాత్రం అదే శత్రువు. పగడం పెరగాలంటే ఎండ లోపలిదాకా దిగే తేట నీరు కావాలి, ఉప్పదనం పెద్దగా మారకూడదు. వరద వచ్చినప్పుడల్లా ఉప్పు పలచబడుతుంది, బురద వచ్చి పగడం మీద పేరుకుంటుంది. అందుకే మన తీరానికి కోరింగ మడ అడవులు దక్కాయి గానీ పగడపు దిబ్బలు దక్కలేదు.

దగ్గర్లో విశాఖలో రుషికొండ వైపు స్కూబా చేయిస్తున్నారు. అక్కడ రాళ్లు, వాటి చుట్టూ తిరిగే చేపలు ఉంటాయి. నీటి తేటదనం మాత్రం రోజుకో రకంగా ఉంటుంది. పెద్ద ఖర్చు పెట్టి ద్వీపాలకు వెళ్లేముందు భయం పోగొట్టుకోవడానికి, మీ చెవులు ఒత్తిడిని తట్టుకుంటాయో లేదో చూసుకోవడానికి అక్కడ ఒక రోజు గడపడం మంచి ఆలోచన. రంగుల పగడాలు చూడాలంటే మాత్రం మన తీరం వదిలి దూరం వెళ్లాల్సిందే.

నెల ఎలా ఎంచుకోవాలి

మన వ్యవసాయ క్యాలెండర్‌తో చూసుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. గోదారి ఎర్రబడి, యానాంలో పులస వేలంపాటలు మొదలయ్యాయంటే అండమాన్ వద్దు. జూలై, ఆగస్టుల్లో నైరుతి గాలికి అక్కడి సముద్రం లేచి ఉంటుంది. పడవలు రద్దవుతుంటాయి, నీటి అడుగున ఇసుక కదిలి చూపు ఆనదు. గోవా, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి ద్వీపం, లక్షద్వీప్ పరిస్థితీ అదే.

ఆ నెలల్లోనే మీకు సెలవు దొరికితే దిగులు పడకండి. శ్రీలంక తూర్పు తీరంలోని ట్రింకోమలి దగ్గర మే నుంచి సెప్టెంబరు దాకా సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. నైరుతి గాలులను ఆ దేశం నడుమ ఉన్న కొండలు ఆపేస్తాయి. శ్రీలంక పడమటి తీరానికి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. ఇండోనేషియాలోని బాలిలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం. శ్రీలంక టికెట్ కొనేటప్పుడు ఏ తీరమో చూసుకోకుండా కొంటే అరువు తెచ్చిన డబ్బు వానపాలే.

అక్టోబరు, నవంబరుల సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1996 నవంబరు తుపాను కోనసీమను ఏం చేసిందో చూసినవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు. మన మీదికి వచ్చే తుపానుల్లో చాలా వాటికి అండమాన్ చుట్టుపక్కల ఏర్పడే అల్పపీడనాలే మొదలు. అక్కడ డైవింగ్ సీజన్ నవంబరుకే మొదలైనా, డిసెంబరు మధ్య దాకా ఆగడమే నయం.

సంక్రాంతికి అక్కడ జనం ఎక్కువ, ధరలూ ఎక్కువ. పైగా ఆ మూడు రోజులూ ఊరు వదిలి వెళ్లేవాళ్లు మనలో ఎంతమంది? నన్నడిగితే ఫిబ్రవరి, మార్చి నెలలను మించినవి లేవు. గాలి తగ్గి ఉంటుంది, నీరు 27, 28 డిగ్రీల దగ్గర గోరువెచ్చగా ఉంటుంది. పిల్లల పరీక్షల వల్ల వీలుకాని కుటుంబాలు వేసవి సెలవులు ఇచ్చిన వెంటనే బయల్దేరాలి. దాళ్వా కోతలు అయ్యాక వెళ్దాం, కాస్త ఆగుదాం అనుకుంటూ మే నెలాఖరు దాకా సాగదీయకండి. నైరుతి రుతుపవనాలు మన దేశంలో ముందు తాకేది అండమాన్ నికోబార్‌నే, మామూలుగా మే మూడో వారంలోనే.

ఒక్క డైవా, కోర్సా?

ఒక్కసారి లోపలికి వెళ్లి చూస్తే చాలు అనుకుంటే ట్రై డైవ్ ఉంటుంది. ఈత రానక్కర్లేదు. ముందు తక్కువ లోతులో కాస్త నేర్పి, తర్వాత ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకునే తిప్పుతారు. దీనికి డైవింగ్ శిక్షణ నియమాలు పెట్టి కార్డులిచ్చే పాడీ (PADI) సంస్థ పెట్టిన గరిష్ఠ లోతు 12 మీటర్లు, కనీస వయసు పదేళ్లు.

నాలుగు రోజులు తీరిక ఉండి, ఈత వచ్చినవాళ్లయితే డైవింగ్‌లో మొదటి మెట్టు అయిన ఓపెన్ వాటర్ కోర్సు చేయండి అని గట్టిగా చెబుతాను. ట్రై డైవ్‌లో మీరు ప్రయాణికులు, కోర్సులో మీ గాలి, మీ లోతు మీరే చూసుకుంటారు. సముద్రంలో నాలుగు డైవ్‌లు ఉంటాయి. కోర్సు పూర్తయ్యాక ఇచ్చే కార్డుతో ప్రపంచంలో ఎక్కడైనా 18 మీటర్ల దాకా తోడుతో దిగవచ్చు. తర్వాత అడ్వాన్స్‌డ్ కోర్సు చేస్తే 30 మీటర్లు. పాడీ, దానిలాంటిదే మరో సంస్థ ఎస్ఎస్ఐ (SSI), రెండింటి కార్డులూ అన్నిచోట్లా చెల్లుతాయి, వాటి మధ్య ఏది గొప్పదన్న చర్చతో కాలం వృథా చేయకండి.

కోర్సుకి 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు నీటి మీద తేలాలి. ఎంత సేపట్లో ఈదారన్నది లెక్కలోకి రాదు. రెండు నెలల ముందు నుంచే రాజమండ్రిలోనో కాకినాడలోనో స్విమ్మింగ్ పూల్‌లో కోచ్ దగ్గర సాధన చేయండి. గోదావరి రేవుల్లో ఒంటరిగా వద్దు. పైకి నిదానంగా కనిపించే చోట కూడా అడుగున సుడి ఉంటుంది.

కాలువ ఈతగాళ్లు మరిచిపోవాల్సిన అలవాటు

కాలువ గట్టున పెరిగినవాళ్లకు నీళ్లంటే బెదురు ఉండదు. అది పెద్ద ఆస్తి. కానీ ఎవరు ఎక్కువసేపు మునుగుతారో పందెం వేసి ఊపిరి బిగబట్టడం నేర్చుకుని ఉంటాం చూడండి, స్కూబాలో అదే ప్రాణం మీదికి తెస్తుంది.

కారణం ఇది. నీళ్లలో ప్రతి 10 మీటర్లకు ఒత్తిడి ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 10 మీటర్ల లోతులో సిలిండర్ నుంచి మీరు పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతల చోటు ఆక్రమిస్తుంది. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలికి దారి ఉండదు, ఊపిరితిత్తులు చిట్లుతాయి. కాలువలో మునిగినప్పుడు ఈ గొడవ లేదు. అక్కడ మీరు తీసుకెళ్లింది గట్టు మీద పీల్చిన గాలే. లోపల కుదించుకుపోయి, పైకి వచ్చాక మళ్లీ మునుపటంతే అవుతుంది. కాబట్టి స్కూబాలో మొదటి సూత్రం: ఏ క్షణంలోనూ ఊపిరి ఆపకూడదు. నిదానంగా తీసుకోవాలి, నిదానంగా వదలాలి. ఇంట్లో కూర్చుని నోటితో మాత్రమే గాలి పీల్చి వదిలే సాధన కొన్ని రోజులు చేస్తే, అక్కడ సగం టెన్షన్ తగ్గిపోతుంది.

చెవులది రెండో పాఠం. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, దిగే ప్రతి మీటరుకీ. నొప్పి మొదలైతే ఆగి, కొంచెం పైకి రావాలి. మొండిగా దిగితే కర్ణభేరి దెబ్బతింటుంది.

బొటనవేలు పైకి చూపడం మనకు ‘బాగుంది’ అని అలవాటు. నీళ్లలో దానికి ‘పైకి వెళ్దాం’ అని అర్థం. బాగుంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపించాలి. బాగుంది అనుకుని బొటనవేలు చూపితే ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని మధ్యలోనే పైకి తీసుకొచ్చేస్తారు.

డబ్బు కట్టే ముందు డాక్టర్

ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, కర్ణభేరికి చిల్లు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ ఒప్పుకోకుండా దిగకూడదు. గర్భిణులు అసలే దిగకూడదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ముందే చూపించుకుని, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అక్కడ ఒక ఆరోగ్య ఫారం ఇస్తారు. ఇంతదూరం వచ్చాం, వద్దంటారేమో అని అబద్ధం రాసేవాళ్లున్నారు. ఆ ఫారం వాళ్ల కోసం కాదు, మీ కోసం. ఇంటి నుంచి బయల్దేరకముందే ఫారం తెప్పించుకుని చూస్తే, అక్కడికి వెళ్లి నిరాశపడే పని ఉండదు.

జలుబు చేసిన రోజు డైవ్ వద్దు. మాత్ర వేసుకుని దిగితే దాని ప్రభావం లోపలే తగ్గి, పైకి వచ్చేటప్పుడు చెవి, ముఖం ఎముకల్లో గాలి ఇరుక్కుంటుంది.

నేర్పేవాళ్లను ఎలా ఎంచుకోవాలి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. హోటల్ ఫొటోలు చూసే గంటలో సగం డైవ్ సెంటర్‌తో ఫోన్‌లో మాట్లాడటానికి ఇవ్వండి.

మొదట, ఒక ఇన్‌స్ట్రక్టర్ ఎంతమందిని తీసుకెళ్తారో అడగండి. ట్రై డైవ్‌కి ఒకరికి ఒకరు అనే సమాధానం రావాలి. కోర్సుకి ఇద్దరు ముగ్గురైతే మంచిది. ఇన్‌స్ట్రక్టర్ పేరు, సభ్యత్వ నంబర్ అడగండి. పాడీ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొట్టి, ఆయనకు ఇప్పుడు నేర్పే అర్హత ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. నంబర్ అడిగినందుకు చిరాకు పడే చోటికి వెళ్లకండి.

తర్వాత పడవ గురించి. ఆక్సిజన్ కిట్ ఉందా, మనుషులు నీళ్లలో ఉన్నంతసేపూ పడవ మీద ఒకరు ఉంటారా, లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైకి వచ్చాక బుడగలై సమస్య వస్తే చికిత్స చేసే ప్రెజర్ చాంబర్ ఎక్కడుంది, అక్కడికి ఎలా చేరుస్తారు? మంచి సెంటర్‌లో వీటికి తడుముకోకుండా జవాబిస్తారు. ఇన్‌స్ట్రక్టర్ దగ్గర లోతు, సమయం లెక్కగట్టే డైవ్ కంప్యూటర్ ఉండాలి. పరికరాల్లో మీరే చూసుకోదగ్గది ఒకటుంది: నోటి గొట్టంలోంచి రెండు మూడుసార్లు గాలి పీల్చి చూడండి. నూనె వాసనో పొగ వాసనో వస్తే ఆ సిలిండర్ మార్చమనండి. సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, వడకట్టి కుదించిన మామూలు గాలి. నింపే యంత్రం బాగాలేకపోతే ఆ మురికి నేరుగా మీ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. డైవ్ మొదట్లో గాలి మీటరు 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఉండాలి, 50 మిగిలి ఉండగానే పైకి తేలాలి.

భాష గురించి కూడా అడగండి. అండమాన్‌లో తెలుగువాళ్లు చాలామంది స్థిరపడ్డారు, పోర్ట్ బ్లెయిర్ బజారులో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. తెలుగు వచ్చిన ఇన్‌స్ట్రక్టర్ కావాలని ముందే చెబితే కొన్ని చోట్ల దొరుకుతారు. మొదటిసారి నీళ్లలోకి దిగే అమ్మానాన్నలకు, పిల్లలకు ‘భయపడకండి, నేనున్నాను’ అన్న మాట సొంత భాషలో వినపడితే ఆ తేడా నేను కళ్లారా చూశాను.

ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీలో ‘స్కూబా ఉచితం’ అని కనిపిస్తే మూడు సంగతులు రాయించుకోండి: ఏ చోట, ఎంత లోతు, నీటి కింద ఎన్ని నిమిషాలు. జనాన్ని వరసలో నిలబెట్టి, కాసేపు ముంచి, వీడియో తీసి పంపేసేవి చాలా ఉన్నాయి. విడిగా డబ్బు కట్టి ఉదయం మొదటి పడవలో వెళ్లడమే మేలు. కోర్సు ధర పోల్చేటప్పుడు పరికరాల అద్దె, పడవ, సర్టిఫికెట్ ఫీజు, ఫొటోలు అందులో కలిసున్నాయో లేదో చూడండి. తక్కువ ధర చెప్పినవాళ్లు చివర్లో వీటినే కలుపుతారు.

ఇప్పుడు ఊరు

మొదటిసారి అయితే అండమాన్‌లోని హావ్‌లాక్. 2018 డిసెంబరు నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్, పక్కనున్న నీల్ ద్వీపం పేరు షహీద్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. టికెట్లు, హోటళ్ల దగ్గర పాత కొత్త పేర్లు రెండూ కనిపిస్తాయి, కంగారు పడకండి. హావ్‌లాక్‌లో నీమో రీఫ్ లోతు తక్కువ, కొత్తవాళ్లకు సరిపోతుంది. డిక్సన్స్ పినాకిల్, జానీస్ గార్జ్ లాంటివి లోతైనవి, ప్రవాహం ఉన్నవి. అనుభవం వచ్చాక వెళ్లాల్సినవి. జనం తక్కువగా ఉండాలంటే నీల్ బాగుంటుంది. భారతీయులకు ఈ రెండు ద్వీపాలకూ పర్మిట్ అక్కర్లేదు.

లక్షద్వీప్ నీళ్లు ఇంకా తేట. కానీ కొచ్చి మీదుగా వెళ్లాలి, మనవాళ్లకైనా ఎంట్రీ పర్మిట్ తప్పనిసరి, బసలు తక్కువ. ముందునుంచే ఏర్పాట్లు చేసుకునే ఓపిక ఉంటే వెళ్లండి. పుదుచ్చేరిలో మనుషులు కట్టిన కృత్రిమ దిబ్బ ఉంది. చెన్నై దాకా ఎలాగూ వెళ్లినవాళ్లకు వీలు.

విదేశమైతే మాల్దీవులకు మనకు ముందస్తు వీసా అక్కర్లేదు. కానీ అక్కడ అటోల్‌ల (ఉంగరంలా అమరిన పగడపు ద్వీపాల) మధ్య ప్రవాహాలు బలంగా ఉంటాయి, కార్డు చేతికొచ్చాక వెళ్తేనే పెట్టిన డబ్బుకు ఫలితం. బా అటోల్‌లోని హనిఫారు బేలో పెద్ద పెద్ద మాంటా టేకు చేపలు గుంపులుగా తిరుగుతాయి. అక్కడ స్కూబా నిషేధం, పైన తేలుతూ గొట్టంతో గాలి పీలుస్తూ చూడటం (స్నార్కెల్) మాత్రమే. బాలిలో తులంబెన్ దగ్గర లిబర్టీ అనే ఓడ మునిగి ఉంది. 1942లో జపాన్ టార్పెడో తగిలి దెబ్బతిని ఒడ్డుకు చేరిన ఓడను, 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ కదలికలు నీళ్లలోకి నెట్టేశాయి. ఇప్పుడది పగడాలు పట్టి చేపలకు ఇల్లైంది. ఒడ్డు నుంచే నడిచి వెళ్లి దిగవచ్చు.

ప్రయాణం, రోజుల లెక్క

రాజమండ్రి నుంచి రాత్రి రైలుకు చెన్నై, అక్కడ నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్ సుమారు రెండు గంటలు. హైదరాబాద్ మీదుగానూ వెళ్లవచ్చు. రైలు దిగిన రెండు గంటలకే విమానం పెట్టుకోకండి. పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన రోజు ఊరుకోండి, మర్నాడు ఉదయం ఫెర్రీకి హావ్‌లాక్ చేరండి. ఫెర్రీ టికెట్ హోటల్ కన్నా ముందు కొనాలి.

తిరుగు ప్రయాణంలో ఒక నియమం తప్పదు. ఒక్క డైవ్ చేస్తే విమానం ఎక్కే ముందు కనీసం 12 గంటలు, వరసగా చాలా చేస్తే 18 గంటలు విరామం ఉండాలి. లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి ఆ సమయం కావాలి. అందుకే సెల్యులార్ జైలు, మ్యూజియంలు మొదట్లో చూసేయకుండా చివరి రోజుకి ఉంచండి. ఆ గంటలు హాయిగా గడుస్తాయి. ఇదే కారణంతో విశాఖలో ఉదయం డైవ్ చేసి మధ్యాహ్నం అరకు వెళ్లే ప్లాన్ పెట్టుకోకండి. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఘాట్ ఎక్కడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

మధ్యలో ఒక ఖాళీ రోజు తప్పక పెట్టుకోండి. గాలి లేచి పడవ ఆగితే ఆ రోజే కాపాడుతుంది.

సంచిలో, ఒంటి మీద

గుబురు మీసం ఉంటే మాస్కులోకి నీరు కారుతుంది. ముక్కు కింద సన్నగా కత్తిరించుకుంటే చాలు, తీసేయక్కర్లేదు. జుట్టు గట్టిగా జడ అల్లుకోవాలి. ఉంగరాలు, గొలుసులు బసలో తాళం వేసి రండి, నీళ్లలో వేళ్లు సన్నబడి ఉంగరం జారిపోతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు పవర్ మాస్క్ ఉందేమో ముందే అడగాలి. నీళ్లలో చలి ఆపడానికి ఇచ్చే బిగుతు దుస్తులు, వెట్‌సూట్ లోపలికి ఒంటికి అంటుకునే లెగ్గింగ్స్, టీషర్టు చాలు.

డైవ్‌కి రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు తినండి. ఆవకాయ అన్నం తిని పడవెక్కితే అలలకు కడుపు తిరుగుతుంది. నీళ్లు, కొబ్బరి బొండాలు ధారాళంగా తాగండి, ఒంట్లో నీరు తగ్గితే నైట్రోజన్ సమస్య పెరుగుతుంది. ముందురోజు రాత్రి మందు వద్దు.

నీళ్లలో, ఆ తర్వాత

దేన్నీ ముట్టుకోకండి, పగడం మీద కాలు పెట్టకండి. 2010లోనూ 2016లోనూ నీరు వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబడి చాలా చచ్చిపోయాయి. మిగిలినవి కోలుకోవడానికి ఏళ్లు పడుతోంది. రాయిలా కనిపించేది బతికున్న జీవి. పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద పగడం ముక్క తేవడం నేరం. ఒడ్డున దొరికిందైనా సరే, ఇంట్లో షోకేసు కోసం సంచిలో వేసుకోకండి.

పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లు మించకుండా, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి రావాలి. మీ ఇన్‌స్ట్రక్టర్ అలా చేయిస్తున్నారో లేదో గమనించండి.

డైవ్ తర్వాత ఒకటి రెండు రోజుల్లో కీళ్లలో లోతుగా నొప్పి, చేతులు కాళ్లు తిమ్మిరి, ఒంటిమీద మచ్చలు, విపరీతమైన నీరసం, తల తిరగడం కనిపిస్తే ప్రయాణ బడలిక అని సర్దుకోకండి. వెంటనే మీ డైవ్ సెంటర్‌కి ఫోన్ చేయండి. ఇంటికి చేరాక వస్తే డాక్టర్‌కి మొదటి మాటగా ‘స్కూబా చేసి వచ్చాను’ అని చెప్పండి, ఎన్ని డైవ్‌లు, ఎంత లోతు, ఏ రోజు అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. డైవింగ్‌ను కవర్ చేసే ఇన్సూరెన్స్ బయల్దేరే ముందే తీసుకుని, ఆ నంబర్ ఇంట్లోవాళ్ల ఫోన్‌లో కూడా ఉంచండి.